రోకలి ఎత్తినప్పుడల్లా

మా వేంపల్లె వైపు పెళ్ళిళ్ళలో తాళి కట్టడం ఒక ఎత్తు, ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళు పాడుకునే పాటలు ఒక ఎత్తు. భోజనాలయ్యాక పందిట్లో జంఖానా పరిచి, పెళ్ళికూతురి వైపు వాళ్ళు ఒక వరుస, పెళ్ళికొడుకు వైపు వాళ్ళు ఒక వరుస ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ఇక చూడాలి. వియ్యపురాలి నడక మీద, ఆమె తెచ్చిన లడ్ల మీద, ఆమె మొగుడి బట్టతల మీద పాటలే పాటలు. అన్నీ అప్పటికప్పుడు కట్టినవే. ఇంట్లో కట్టుకుని బట్టీ పట్టి వస్తే ఎవరూ మెచ్చేవాళ్ళు కాదు. ఎదుటి పాటకు జవాబు చెప్పలేకపోతే ఓడినట్టు. వరుసలోంచి లేచిపోతే ఓడినట్టు. కోపం తెచ్చుకుంటే మరీ ఓడినట్టు.

ఓణీ వేసుకున్నప్పటి నుంచే ఆ పాటల్లో నాకు పేరుండేది. నా గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. నేను అందుకున్నానంటే అవతలి వరుసలో పెద్దవాళ్ళు ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టేవాళ్ళు. ఒకావిడకు పొయ్యి మీది పాలు గుర్తొచ్చేవి. ఇంకొకావిడకు లోపల మనవడు ఏడుస్తున్నట్టు వినిపించేది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చిన్న చిన్న అడుగులేసుకుంటూ వాళ్ళు పెరట్లోకి పోతుంటే మా ఆడపిల్లలంతా చప్పట్లు కొట్టేవాళ్ళం. నా పాట దెబ్బకు తట్టుకోలేక పారిపోతున్నారని నాకు గట్టి నమ్మకం. ఇద్దరు పిల్లల్ని కన్నాక గానీ వాళ్ళు ఎందుకు పోయేవాళ్ళో నాకు తెలిసిరాలేదు.

నన్ను డోన్ దగ్గరి పల్లెకు ఇచ్చారు. చిన్నది పుట్టేనాటికి కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఒకరోజు మా ఆయన ఏదో పని మీద కర్నూలు వెళ్ళొచ్చి, అక్కడ ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయని, కాగితాలు ఎగరకుండా రాళ్ళు పెట్టుకుని కూర్చున్నారని, సుడిగాలి వస్తే ఒక గుమాస్తా తన కాగితాల వెంట బజారు దాకా పరిగెత్తాడని చెబుతున్నాడు. ఆ గుమాస్తా పరుగు ఎలా ఉందో పంచె పైకి పట్టుకుని చూపించాడు కూడా. నేను చిన్నదాన్ని చంకన వేసుకుని నిలబడి వింటున్నాను. నాకు నవ్వొస్తే ఆగదని ఊరంతటికీ తెలుసు. ఆ రోజు నవ్వుతో పాటు ఇంకొకటి కూడా ఆగలేదు. కాళ్ళ వెంట వెచ్చగా కారింది. "పాప పోసింది" అని లోపలికి పరిగెత్తాను. పాపం, అది అప్పుడే నిద్ర లేచి, ఒళ్ళంతా పొడిగా, నా మొహంలోకి చూస్తూ ఉంది.

చంకన పిల్ల ఉన్నంత కాలం నాకు ఫరవాలేదు, తప్పంతా దాని నెత్తిన వేయొచ్చు. అది నడక నేర్చి వీధిలోకి పరిగెత్తాక నాకు దిక్కు లేకుండా పోయింది. తుమ్మితే భయం. బావి దగ్గర నిండు కడవ ఎత్తితే భయం. అన్నిటికంటే నవ్వంటే భయం. దాంతో నవ్వడం మానేశాను. ఎవరైనా నవ్వొచ్చే మాట మొదలుపెడితే పని ఉన్నట్టు లేచిపోయేదాన్ని. బండెక్కాలంటే పొద్దుటి నుంచి నీళ్ళు ముట్టేదాన్ని కాదు. మా ఎండలకు నీళ్ళు తాగకుండా బండెక్కడమంటే ఏమిటో ఆ దారుల్లో తిరిగినవాళ్ళకే తెలుసు. "ఏమ్మే, ఎవురన్నా ఏమన్నా అన్నారా? నవ్వేదే మర్సిపోయినావు" అని మా ఆయన అడిగేవాడు. ఏం చెప్పమంటారు? మొగుడితో చెప్పే మాటా అది?

నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, నడికట్టు. కాన్పు కాగానే మా అమ్మ పాత పంచె చించి నా పొట్ట చుట్టూ బిగించి కట్టింది. మా వైపు బాలింతలందరికీ కడతారు, పురుడు వెళ్ళాక కొన్నాళ్ళకు తీసేస్తారు. నేను తీయలేదు. కారడం మొదలయ్యాక ఇంకా బిగించాను. వదులైంది కాబట్టి కారుతోంది, బిగిస్తే ఆగుతుంది అని నా లెక్క. తగ్గకపోతే ఇంకాస్త బిగించేదాన్ని. చివరికి వంగి పొయ్యి ఊదడానికి కూడా ఊపిరి ఆడేది కాదు. కారేది మాత్రం పెరిగింది.

అలాంటి రోజుల్లో మా నాయన కబురు చేశాడు. చెల్లెలి పెళ్ళి కుదిరింది, వచ్చే మాఘమాసంలో ముహూర్తం. పెళ్ళికొడుకు వాళ్ళది డోన్, రైల్వే కుటుంబం. "వాళ్ళలో ఒకామె శానా బాగా పాడ్తాదంట. మనకు పెద్దమ్మి ఉండాది, భయం లేదు" అని కూడా చెప్పి పంపాడు. ఆ పెద్దమ్మిని నేనే. చెల్లెలు చిన్నప్పటి నుంచి నా పక్కన కూర్చుని నా పాటలు వింటూ పెరిగింది. తన పెళ్ళిలో నేనే పాడాలని అప్పటి నుంచే అంటూ ఉండేది. ఇప్పుడు పాడితే నవ్వాలి, నవ్వితే లేవాలి, లేస్తే మా వైపు ఓడిపోతుంది. లేవకుండా కూర్చుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అసలు పాడనంటే దాని మొహం చూడలేను. సంతోషంగా పాయసం చేయాల్సిన రోజున ఒక మూల కూర్చుని ఏడ్చాను.

ఆ ఎండాకాలంలోనే చిన్నదానికి దగ్గు పట్టుకుంటే డోన్ ఆసుపత్రికి తీసుకుపోయాను. అప్పటికి దాని దగ్గు నాకూ అంటుకుంది. అక్కడి నర్సమ్మ నంద్యాల వైపు మనిషి, నడివయసు, మాటలో గడుసుతనం. మందు సీసా చేతికిస్తుండగా నాకు దగ్గు తెర వచ్చింది. నేను కాలి మీద కాలు వేసి బిగుసుకుని నిలబడ్డాను. ఆమె నా మొహం చూడలేదు, నా కాళ్ళు చూసింది.

"ఎన్ని దినాల నుంచి అమ్మా?" అంది.

"మొన్న అమాస నుంచి దగ్గుతాండా."

"నేనడిగేది దగ్గు గాదు."

గుడ్డ కట్టిన తెర వెనక్కి తీసుకుపోయింది. నా నడికట్టు చూసి, "ఇది ఎవురు కట్టినారు?" అంది. మా అమ్మ, కాన్పప్పుడు, అన్నాను. ఆమె వీధిలో గంతులేస్తున్న నా కూతురి వైపు కిటికీలోంచి చూసింది. "ఆ పాప కాన్పుకా? ఇంకా ఇప్పలేదా?" అని నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మండింది. నవ్వగలిగినవాళ్ళను చూస్తే అప్పట్లో నాకు మంటే.

"సేద్యం చేసేటోళ్ళేనా మీరు? శెనక్కాయల మూటకు అడుగున కుట్టు వదులైందనుకో. నువ్వు మూటను నడుం కాడ పట్టి పిసికితే కాయలు యాడికి పోతాయి?"

"కిందికే."

"నువ్వు చేస్తాండేది అదే. పైన బిగించేది ఇడిసెయ్. అడుగు కుట్టు బిగించుకో."

కుట్లంటే నాకు భయమేసింది. సూదీ దారం అక్కర్లేదని ఆమె చెప్పిన పద్ధతి విని ఇంత చిన్న పనా అనుకున్నాను. "ఒంటికి పోయేటప్పుడు మధ్యలో ఆపి చూడు. యాడ బిగుసుకుంటాదో అదే తావు. తావు తెలుసుకునేదానికి ఒక్కసారి చాలు, దినామూ ఆడ ఆపొద్దు. తెలిసినాక కూచున్నా, నిలబడినా, ఆ తావును పైకి లాక్కున్నట్టు బిగించు, కొంచేపు పట్టు, మళ్ళ బాగా ఇడువు. ఇడిసేది మర్సిపోతారు అందరూ. ఏదన్నా బరువెత్తే ముందర బిగించుకోని ఎత్తు." ముందు పనిచేసిన ఆసుపత్రిలో ఒక దొరసాని డాక్టరమ్మ బాలింతలందరి చేతా ఇది చేయించేదట.

"ఏదీ, ఇప్పుడు చెయ్" అంది. చేశాను. బుగ్గలు పూరించి, కళ్ళు పెద్దవి చేసి, మెడ నరాలు తేలేలా బిగించాను.

"పాట పాడు."

"ఆసుపత్రిలోనా?"

"పాడమ్మా. ఊపిరి బిగబట్టి ఉంటే పాట రాదు. పాట వస్తాంటే నువ్వు సరైన తావు పట్టుకున్నట్టు."

నోరు తెరిచాను. గాలి కూడా రాలేదు. వేంపల్లె చుట్టుపక్కల ఏ పెళ్ళిలోనూ ఎవరూ మూయించలేని నోరు, తెర వెనక ఒక నర్సమ్మ ముందు మూతపడిపోయింది. పౌరుషం ముంచుకొచ్చింది. నెలలో తగ్గుతుందా అని అడిగాను. "నెలకు నీకేం కనపడదు. మానుకోవద్దు. తగ్గినాక కూడా మానొద్దు. పండ్లు తోముకునేది మానుతావా? ఇదీ అంతే." ఆ మాట నాకు నచ్చలేదు. వైద్యమంటే కొన్నాళ్ళు మింగి వదిలేసేది గానీ, బతికినంత కాలం చేసేదేమిటి?

ఇంటికొచ్చి నడికట్టు విప్పేశాను. అది ముగ్గు వేసే ముందు గడప తుడవడానికి పనికొచ్చింది. ఇక సాధన. చెప్పినంత తేలిక కాదది. గుర్తున్నప్పుడు తావు దొరకదు, తావు దొరికినప్పుడు ఊపిరి ఆగిపోతుంది. వాకిట్లో బియ్యం ఏరుతూ బిగించి, చూపు పైకి నిలబెట్టి కూర్చునేదాన్ని. మా ఆయన వచ్చి, "ఎవురి మింద కోపం?" అనేవాడు. మా అత్త వచ్చి, "దూలాలు లెక్కపెడ్తాండావా?" అనేది.

మా అత్త గురించి చెప్పాలి. ఆమె నవ్వగా అప్పటిదాకా నేను చూడలేదు. పెళ్ళిళ్ళకు పోతే తలుపు పక్కనే కూర్చునేది. పాటలు మొదలైతే ఎవరూ లేవకముందే తానే లేచి, మజ్జిగ చూడాలనో దూడను కట్టాలనో బయటికి నడిచేది. ఆమెకు గర్వమని ఊళ్ళో అనుకునేవాళ్ళు. నేనూ అదే అనుకునేదాన్ని, కాస్త ఎక్కువగానే.

నా వాలకం చూసి నాకు దిష్టి తగిలిందని ఆమె తేల్చేసింది. ఉప్పు, ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు నాకు దగ్గు ఆగలేదు. అంత దగ్గుకు నా కొత్త కుట్టు ఏం ఆగుతుంది? చీర మార్చుకుని వచ్చేసరికి అత్త, "సూస్తివా, ఎంత దిష్టి పోయిందో" అంది.

నా సాధనకు దారి దొరికింది రోటి దగ్గర. మా ఇంట్లో కొర్రలు ఇంట్లోనే దంచేవాళ్ళం. ఒక రోలు, రెండు రోకళ్ళు, అత్త ఒక పక్క, నేను ఒక పక్క. ఆమె ఎత్తినప్పుడు నేను వేయాలి, నేను ఎత్తినప్పుడు ఆమె వేయాలి. తాళం తప్పితే రోకళ్ళు గుద్దుకుంటాయి, అందుకని పాట పాడుకుంటూ, సువ్వి సువ్వి అనుకుంటూ దంచుతాం. ఒకరోజు దంచుతూ ఉండగా నర్సమ్మ మాట గుర్తొచ్చింది. రోకలి ఎత్తే ముందు బిగించాను, వేసినప్పుడు వదిలాను. ఎత్తితే బిగించు, వేస్తే వదులు. గొంతు ఆగిందా, ఊపిరి బిగబట్టినట్టు. గొంతు సాగిందా, సరైన తావు దొరికినట్టు. లెక్కపెట్టుకునే బాధ లేదు, గుర్తుంచుకునే బాధ లేదు. అన్నీ పాటే చూసుకుంటుంది. ఇది కనిపెట్టినందుకు నన్ను నేను మెచ్చుకుని, ఆ పూట సంగటి ఒక ముద్ద ఎక్కువ తిన్నాను.

మొదట్లో సగం పాట లోపలికే పోయేది. అత్త ఊరుకుంటుందా? "పాట మధ్యలో మింగుతాండావు, ఏమే?" అంది. ఇక దాచలేక అంతా చెప్పేశాను. కారడం, నర్సమ్మ, శెనక్కాయల మూట, రోకలి ఎత్తినప్పుడు బిగించడం, వేసినప్పుడు వదలడం, చెల్లెలి పెళ్ళి, అన్నీ. ఆమె రోకలి నేలకు ఆనించి విన్నది. నేను ముగించాక చెదిరిన గింజలు రోట్లోకి తోసింది.

"మా కాలంలో ఇవన్నీ యాడుండె" అంది. "ముసిల్దానికి చెప్పి ఏం లాభం? దంచు."

ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తనే లేదు. పైగా నాకు పని పెంచింది. వారానికి ఒకసారి దంచేవాళ్ళం కాస్తా రోజు మార్చి రోజు దంచాల్సి వచ్చింది. ఇంట్లో తినే నోళ్ళు అవే, దంచిన బియ్యంతో కుండలు మాత్రం నిండుతూనే ఉన్నాయి. డోన్‌లో మిల్లు ఉంది కదా, బండిలో పంపిస్తే పోదా అని మా ఆయన అంటే, "మిల్లు గింజ నాకు అరగదు" అని కొట్టిపారేసింది. శెనక్కాయ పెరికే రోజుల్లో పొద్దస్తమానం చేన్లో వంగి వంగి నడుములు పడిపోయి నేను అన్నీ మానేసి పడుకుంటే, గిన్నెడు కొర్రలు తెచ్చి రోట్లో పోసి, "లేయ్, రెండు దెబ్బలేసి పండుకుందువు" అని నా చేతికి రోకలి ఇచ్చేది. అత్తరికం అంటే ఇదే అని లోపల తిట్టుకుంటూ దంచేదాన్ని. కోపంలో కూడా పాట మాత్రం సాగేది.

ఒకరోజు బావి దగ్గర నిండు కడవ ఎత్తుకుని సగం దూరం వచ్చాక, నాకేమీ కాలేదని తట్టింది. ఇంకొకరోజు తుమ్మాను, ఒకటి కాదు, వరసగా. ఏమీ లేదు. ఆ రోజు కావాలని మా ఆయనను అడిగి కర్నూలు గుమాస్తా కథ మళ్ళీ చెప్పించుకున్నాను. పంచె పట్టుకుని పరుగు కూడా చూపించమన్నాను. ఆయన పాపం పెరడంతా పరిగెత్తాడు. నేను గోడ పట్టుకుని నవ్వాను. మళ్ళీ నవ్వు వచ్చిందని ఆయన మురిసిపోయాడు గానీ, ఎందుకు పోయిందో, ఎలా వచ్చిందో ఈనాటికీ ఆయనకు తెలియదు.

మాఘమాసం వచ్చింది. అత్త కూడా పెళ్ళికి బయలుదేరింది. నీళ్ళు బాగా తాగి బండెక్కాను. ముహూర్తం బాగా జరిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, జంఖానా పడింది. పెళ్ళికూతురి వైపు వరుసలో నడుమ నేను కూర్చున్నాను. అత్త తలుపు పక్కకు పోతుందనుకున్నాను. వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు ఆశ్చర్యమేసింది గానీ అడిగే తీరిక లేదు.

బాగా పాడుతుందని నాయన చెప్పిన డోన్ ఆవిడ పెళ్ళికొడుకు మేనత్త. లావుపాటి మనిషి, గొంతు రైలు కూత. మొదటే మా వంట మీద పడింది.

"వేంపల్లె వదినలు సంగటి చేసిరి
రోకలి దెబ్బకు చెదరని సంగటి
కొరికిన మామకు పండొకటూడె
ఊడిన పండు సంగట్లోనే పాయె!"

పందిరి మొత్తం గొల్లుమంది. ఆ మామ ఎవరో గానీ, నిజంగానే ముందు పన్ను లేనివాడు, పందిరి గుంజకు ఆనుకుని నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. నాకు నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. ఒక్క క్షణం ఆ పాత భయం పుట్టింది. రోకలి ఎత్తినట్టు బిగించాను. గొంతు ఆగలేదు. నవ్వుతూనే అందుకున్నాను.

"రైలు దిగొచ్చిన వదినమ్మా, మీ
కూతకు పెద్దా, కూటికి పెద్దా?
కూత ఇనపడి కుండ దించితిమి
కుండ ఖాళీ, కూత ఆగదాయె!"

పాటకు పాట. ఎంతసేపు సాగిందో తెలియదు. అవతలి వరుస పలచబడటం మొదలైంది. ఒకావిడకు పాలు గుర్తొచ్చాయి. ఒకావిడ మనవణ్ణి వెతుక్కుంటూ పోయింది. చిన్న చిన్న అడుగులు, నోటికి కొంగు. మా వైపు ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఈసారి చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. ఆ నడక నాకు తెలుసు. చివరికి డోన్ ఆవిడే, నా పాటకు పగలబడి నవ్వి, ఠక్కున ఆపి, "అబ్బి ఏడుస్తాండాడు" అని లేచింది. ఏ అబ్బీ ఏడవడం లేదు. మేం గెలిచాం. చెల్లెలు పీటల మీది నుంచే నా వైపు చూసి చేతులెత్తింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత పెరట్లో ఆ డోన్ ఆవిడను పక్కకు పిలిచి శెనక్కాయల మూట కథ చెప్పాను.

అయితే అది తర్వాతి సంగతి. ఆవిడ లేచిపోయిన ఆ క్షణంలో నా భుజానికి ఏదో తగిలి ఊగుతోంది. తిరిగి చూస్తే మా అత్త. కళ్ళ వెంట నీళ్ళు కారేలా, పళ్ళన్నీ కనబడేలా, ఒళ్ళంతా కదిలిపోయేలా నవ్వుతోంది. ఆమె పళ్ళు అంత తెల్లగా ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్ళూ తలుపు పక్కన ఎందుకు కూర్చుందో, అందరికంటే ముందు ఎందుకు లేచేదో ఒక్కసారిగా నా బుర్రకెక్కింది. ఆమె చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా అన్నాను.

"అత్తా, పొయ్యి మింద పాలుండాయేమో, చూసొస్తావా? మనం గెలిచేసినాం లే."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది.

"పొంగితే పొంగనీలే" అంది. "నేనూ దంచినా గదే."

తర్వాతి పాట ఆమే ఎత్తుకుంది.